గంగాళంలో పోసిన చెంబెడు నీళ్ళు

సీతారత్నానికి మొదటి ఉద్యోగం యాభై ఏడో ఏట వచ్చింది. అదీ న్యూజిలాండ్‌లో, పాపకూర అనే ఊళ్ళో వచ్చింది.

అంతకుముందు ఆవిడ చదివిన బీఎస్సీ కెమిస్ట్రీ ముప్ఫై అయిదేళ్ళపాటు వంటింట్లోనే కాపురం చేసింది. రాగి బిందెకి చింతపండు ఎందుకు పట్టించాలో, కళాయి లేని గిన్నెలో పులుసు ఎందుకు ఉంచకూడదో తోడికోడళ్ళకి సూత్రాలతో సహా చెప్పేది. వాళ్ళు "అబ్బో!" అని నవ్వి, పులుసు మాత్రం స్టీలు గిన్నెలోకి మార్చేవాళ్ళు. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో చదివేటప్పుడు, ప్రాక్టికల్స్ పరీక్షలో బ్యూరెట్‌ని సరిగ్గా లేతగులాబీ రంగు తిరిగే చుక్క దగ్గర ఆపినందుకు ఎగ్జామినరు స్వయంగా లేచి వచ్చి, ఆ ఫ్లాస్కుని కిటికీ వెలుతుర్లో పెట్టి చూసుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండానే పెళ్ళి. పెళ్ళికొడుకు శేషయ్య, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. గోదావరి జిల్లాల్లో ఆయనకి ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్ళో ఈవిడ సామాను సర్దింది. రిటైరయ్యాక కూతురు అలేఖ్య పిలిస్తే ఇద్దరూ న్యూజిలాండ్ వచ్చి స్థిరపడ్డారు. శేషయ్య ఈల కూడా తెచ్చుకున్నాడు. ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. పార్కులో కుక్కలు దారి తప్పితే ఊదుతాడు.

ఆ ఉద్యోగం వచ్చింది కూడా ఒక కొట్లోనే. పాపకూరలో ఇండియన్ సామాను దొరికే దుకాణంలో కరివేపాకు ఏరుకుంటూ ఒకమ్మాయి ఫోన్‌లో తెలుగులో మొత్తుకుంటోంది: "గాజు సామాను పగలగొట్టకుండ కడిగే మనిషి ఒక్కరు దొరకరే ఈ ఊర్లో! కనపడిన నంబరే రాసే మనిషి!"

వెనకాల గోంగూర కట్ట పట్టుకుని నిలబడ్డ సీతారత్నం అంది కదా, "బ్యూరెట్ కడగడం నాకొచ్చు అమ్మాయ్."

ఆ అమ్మాయి పేరు మనస్విని. కర్నూలు పిల్ల. డునెడిన్‌లో పీహెచ్‌డీ చేసి, ఇక్కడ ఒక చిన్న కంపెనీలో పెద్ద తలనొప్పిని నెత్తికెత్తుకుంది.

కంపెనీ అంటే రైలు పట్టాలకవతల, కలప అడితి పక్కన ఒక రేకుల షెడ్డు. అడితిలోంచి పైన్ చెట్ల రంపంపొట్టు వస్తుంది. దాన్ని ఇడ్లీలా ఆవిరి మీద ఉడికించి, నీళ్ళు కలిపి, రెండువందల లీటర్ల స్టీలు తొట్టెలో పోసి, ఎంజైములు వేసి మూడు రోజులు వెచ్చగా కలుపుతూ ఉంటే పొట్టు చక్కెర నీళ్ళవ్వాలి. చక్కెర నీళ్ళకి ఈస్టు తగిలిస్తే ఆల్కహాల్. ఆ ఆల్కహాల్ బండికి నూనె. చెప్పుకుంటే నాలుగు ముక్కలే. చెయ్యబోతే నాలుగేళ్ళయింది.

రంపంపొట్టు సీతారత్నానికి కొత్త కాదు. గ్యాసు రాకముందు వాళ్ళమ్మ పొట్టు పొయ్యి మీదే వండేది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, దిమ్మిసకొట్టినట్టు గట్టిగా అణిచి, సీసా మెల్లగా పైకి లాగితే నిలువునా బొక్క పడుతుంది. కింద నిప్పు పెడితే మధ్యాహ్నం దాకా మండుతుంది. పొట్టులో ఉన్న నిప్పు బయటికి రావడానికి ఒక ఖాళీ సీసా, ఒక అగ్గిపుల్ల చాలు. అందులో ఉన్న తీపి బయటికి రావడానికి మాత్రం ఒక డాక్టరు, ఇన్ని గొట్టాలు, ఇన్ని మీటర్లు కావాల్సొచ్చాయే అని ఆవిడ మొదటి రోజున ముక్కున వేలేసుకుంది.

ఆ తొట్టెని అందరూ రియాక్టర్ అనేవాళ్ళు. సీతారత్నం చేరిన వారానికి అది గంగాళమైంది. కంపెనీ పెద్ద క్రెయిగ్ ఆరడుగుల కివీ, అంటే ఆ దేశంవాడే. ఆయన నోట్లో అది "గంగా" దగ్గర ఆగిపోయింది. "గంగా ఎలా ఉంది సీతా?" అని అడుగుతూ వస్తాడు పొద్దున్నే. ఇంటి పిల్లని అడిగినట్టే ఉండేది ఆవిడకి.

శేషయ్యకి మాత్రం ఈ ఉద్యోగం ఒక పట్టాన మింగుడు పడలేదు.

"చక్కెర నీళ్ళు పులియబెట్టి ఆల్కహాల్ తీస్తారన్నమాట."

"అవునండీ."

"ఆ రోజుల్లో సారా వద్దని నువ్వు ఆడవాళ్ళతో కలిసి సెంటర్లో బైఠాయిస్తే, నేను నీకు క్యారేజీ తెచ్చాను. గుర్తుందా?"

"ఉందండీ."

"ఇప్పుడు నువ్వు వెళ్ళి సారా కంపెనీలో చేరావు."

"అది తాగేది కాదండీ, కార్లో పోసేది."

"మొదట్లో అందరూ అలాగే చెప్తారు," అన్నాడు శేషయ్య.

ఇక మనస్విని తలనొప్పి సంగతి. మామూలు ఎంజైములు పొట్టుని కత్తిరిస్తాయి. కానీ చెట్టు పీచు మెత్తగా ఉండదు, బిగించి పేనిన మోకులా ఉంటుంది. కత్తెరకి పట్టు దొరకదు. అందుకని ఇంకో రకం ఎంజైము, సాయానికి వచ్చే ఎంజైము, కలపాలి. అది పెద్దగా కత్తిరించదు. పీచు మీద అక్కడక్కడ గిల్లి వదులు చేస్తుంది, అంతే. ఆ వదులైన చోట్లలోంచి మిగతావి దూరిపోతాయి. దీన్ని సీతారత్నం ఇంట్లో ఇలా విడమరిచింది: "జుట్టు అట్ట కట్టిందనుకోండి. దువ్వెన పెట్టి లాగితే దువ్వెన విరుగుతుంది, పిల్ల ఏడుస్తుంది. ముందు ఎవరో ఒకరు కూచుని వేళ్ళతో చిక్కు విడదియ్యాలి. ఆ వేళ్ళే ఇవి."

"మరి జడ గొప్ప ఎవరిదంటారు? దువ్విన వాళ్ళదా, చిక్కు తీసిన వాళ్ళదా?" అన్నాడు శేషయ్య.

"జడ పిల్లదండీ," అంది సీతారత్నం విసుగ్గా.

మనస్విని బల్ల మీద చిన్న ఫ్లాస్కులో చేస్తే సాయం ఎంజైము బ్రహ్మాండంగా పని చేసింది. లీటరుకి డెబ్భై గ్రాముల చక్కెర. అదే గంగాళంలో చేస్తే ముప్ఫై దగ్గర చతికిలబడింది. ఒకసారి కాదు, అయిదుసార్లు. సాయం ఎంజైము వేసినా ముప్ఫయ్యే, వెయ్యకపోయినా ముప్ఫయ్యే. అక్టోబరు రెండో వారంలో పెట్టుబడి పెట్టినవాళ్ళు చూడ్డానికొస్తారు. అప్పటికీ ముప్ఫయ్యే అయితే ఈ పని మూసేద్దాం అన్నాడు క్రెయిగ్. మనస్విని మొహం వాడిపోయింది. టిఫిను డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది.

గంగాళం పని సీతారత్నానిది. కడగడం, నింపడం, నాలుగు గంటలకొకసారి చక్కెర ఎంతుందో మీటర్లో చూసి పుస్తకంలో రాయడం. కడగడానికి ఒక తెల్లపొడి ఇచ్చారు. లోహపు మరకలు, పాచి అన్నీ లాగేస్తుంది. గోడ మీద కాగితంలో ఉన్నది: పొడితో ఒకసారి కడిగి, మంచినీళ్ళతో జాడించాలి. సీతారత్నం ఒకసారి కాగితం కోసం కడిగేది. రెండోసారి తన తృప్తి కోసం. మూడోసారి ఎందుకంటే, రెండుసార్లు కడగడం ఎక్కడైనా ఉందా? అన్నీ అయ్యాక, పెళ్ళి గుండిగలు తోమి చివర పసుపు నీళ్ళు చిలకరించినట్టు, ఆఖరి నీళ్ళలో ఒక చెంచాడు పొడి కలిపి అడుగున వదిలేసేది. గంగాళం తళతళలాడేది. క్రెయిగ్ అందులో మొహం చూసుకుని గడ్డం సవరించుకునేవాడు.

చేరిన రోజున ఆవిడ సంతకం పెట్టిన కాగితం ఒకటుంది. పుస్తకంలో రాయనిది ఏదైనా సరే, చుక్కయినా సరే, తొట్టెలో పడితే పోసినవాళ్ళ ఉద్యోగం పోతుంది. ఉత్త బెదిరింపేం కాదు. ఆవిడకి ముందున్నతను తొట్టె మూత మీద కాఫీ కప్పు పెట్టి, అది కాస్తా ఒలికినందుకే వెళ్ళిపోయాడట. సీతారత్నం ఆ కాగితం మీద పూర్తి పేరు రాసింది. మెళ్ళో వేసుకునే కార్డు మీద కూడా ఆ పేరే. పెళ్ళయ్యాక రేషన్ కార్డు, పాస్‌పోర్టుల మీద తప్ప ఆవిడ పేరు ఎక్కడా అచ్చులో పడలేదు. రేషన్ కార్డులోనైతే శేషయ్య పేరు కిందే. అందుకని ఈ కార్డుని ఇంటికొచ్చాక కూడా కాసేపు తియ్యదు. పప్పు తాలింపు వేసేటప్పుడు మాత్రం నూనె చిందుతుందని వెనక్కి తిప్పుకుంటుంది.

ఇంతలో దసరా వచ్చింది. ఆ దేశంలో శరన్నవరాత్రులు వసంతంలో వస్తాయి. పేరు మార్చడానికి ఎవరికీ అధికారం లేదు కాబట్టి, చెట్లన్నీ చిగుళ్ళేస్తుంటే, గొర్రెపిల్లలు గెంతుతుంటే మనవాళ్ళు శరదృతువు అని సంకల్పం చెప్పుకుంటారు. బంతిపూలు దొరకవు. కోవాయ్ చెట్టు మాత్రం ఆకులు కూడా కనపడకుండా పసుప్పచ్చగా పూసి ఉంటుంది. అమ్మవారు సర్దుకుపోతుందిలే అని అందరూ అవే కోస్తారు.

మహర్నవమి నాడు పనిముట్లకి పూజ చెయ్యాలి. శేషయ్య ఈలకి బొట్టు పెడతాడు. అలేఖ్య లాప్‌టాప్‌కి పెడుతుంది. మరి గంగాళానికి?

సీతారత్నం క్రెయిగ్ దగ్గరికెళ్ళి అడిగింది. షెడ్డు కట్టినప్పుడు ఆ ప్రాంతపు మూలవాసి మావోరీ పెద్దాయన ఒకాయన వచ్చి ప్రార్థన చేసి వెళ్ళాడు కాబట్టి క్రెయిగ్‌కి ఇదేమీ వింతగా తోచలేదు.

"యే..." అన్నాడు. తర్వాత, "నా..." అన్నాడు. కివీలు అవునూ కాదూ రెండూ ఒకే ఊపిర్లో అంటారు. రెండోదే అసలుదని సీతారత్నం మూడేళ్ళలో నేర్చుకుంది. కానీ క్రెయిగ్ ఇంకా ముగించలేదు. "నిప్పొద్దు. పొగొద్దు. లోపల ఏమీ వెయ్యొద్దు. మిగతాదంతా నీ ఇష్టం సీతా."

ఆ పొద్దున పాలు పొంగాయి, పులిహోర కలపాలి, టైమయిపోతోంది. వంటింటి గట్టు మీద శేషయ్య రాగి చెంబు మూత బిగించి ఉంది. ఆయన రోజూ రాత్రి అందులో నీళ్ళు పోసి, పొద్దున్నే తాగుతాడు. ఫోన్‌లో ఎవరో చెప్పారు. ఆయనింకా నడక నుంచి రాలేదు. పూజకి మంచినీళ్ళే కదా అని చెంబు అలాగే బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది.

పది గంటలకి సాయం ఎంజైము వెయ్యాలి. అంతకుముందే గంగాళానికి గంధం, కుంకుమ పెట్టింది. కోవాయ్ పూలు పెట్టింది. చెంబు నీళ్ళలో పువ్వు ముంచి మూడుసార్లు చిలకరించింది. మనస్విని కూడా వచ్చి దణ్ణం పెట్టుకుంది. "ఆంటీ, డెబ్భై రావాలని మొక్కోండి. అరవై అయినా పర్లేదు అని కూడా చెప్పండి," అని తన గదిలోకెళ్ళిపోయింది. సీతారత్నం మూత మీది చిన్న కన్నం తెరిచి, ఎంజైము సీసా పోసింది, పుస్తకంలో రాసింది. అప్పుడు చూసుకుంది. చెంబులో నీళ్ళు మిగిలాయి.

పూజ చేసిన నీళ్ళు. సింకులో పోస్తే ఎంగిలి కాఫీ కప్పులతో కలుస్తాయి. నేల మీద పోస్తే తొక్కుతారు. అలాంటి నీళ్ళు చెట్టు మొదట్లో పొయ్యాలి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆవిడ చేసింది అదే. చుట్టూ చూసింది. సిమెంటు, రేకులు, సిమెంటు. బయట అడితిలో ఉన్నవన్నీ చచ్చిన చెట్లు. ఎదురుగా తెరిచిన కన్నం. లోపల పాతిక కిలోల చెట్టు.

చెయ్యి దానంతటదే వంగింది.

పోసేశాక సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. కన్నం మూసి, అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. 'మంచినీళ్ళేగా. ఇప్పటికే అందులో నూట డెబ్భై లీటర్ల నీళ్ళున్నాయి, దీంతో ఏమవుతుంది?' అనుకుంది. అనుకుని, పుస్తకంలో రాయలేదు. కనపడిన నంబరు తప్ప ఇంకేదీ రాయని మనిషి, మొదటిసారి రాయాల్సింది రాయలేదు.

మర్నాటికి మీటరు నలభై నాలుగు చూపించింది. సీతారత్నం మీటరు తుడిచి మళ్ళీ చూసింది. సాయంత్రానికి యాభై ఎనిమిది. మూడో రోజు డెబ్భై ఒకటి. మనస్విని గదిలోంచి పరిగెత్తుకొచ్చి సీతారత్నాన్ని వాటేసుకుంది. క్రెయిగ్ గంగాళం పొట్ట మీద చరిచి, "గుడ్ గాళ్, గంగా!" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగు పెడుతూనే సీతారత్నం అరిచింది. "ఏవండీ! షుగరు డెబ్భై ఒకటి!"

"పరగడుపునా, తిన్నాకా?" అన్నాడు శేషయ్య. ఆయనకి షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆ ఇంట్లో ఒకరు తగ్గాలని, ఒకరు పెరగాలని రోజూ నంబర్లు చూసుకుంటూ ఉంటారు. "అది సరేగానీ, నా చెంబు ఏది? మూడ్రోజుల్నించి గాజు గ్లాసులో తాగుతున్నాను. నిమ్మకాయ నీళ్ళు కూడా పారబోసేశావు."

"ఏ నిమ్మకాయ నీళ్ళు?"

"నవమి ముందు రోజు రాత్రి రెండు నిమ్మకాయలు పిండి పెట్టుకున్నాను. రాగిలో నిమ్మరసం రాత్రంతా ఉంచి తాగితే పొట్ట కరుగుతుందని కొత్త వీడియోలో..."

సీతారత్నం బుట్టలోంచి చెంబు తీసి లోపలికి తొంగి చూసింది. చింతపండుతో తోమినట్టు లోపలంతా ఎర్రగా మెరిసిపోతోంది. మెడ దగ్గర సన్నని ఆకుపచ్చ గీత. చిలుము.

ముప్ఫై అయిదేళ్ళు తోడికోడళ్ళకి చెప్పిన పాఠం. పులుపు రాగిని తింటుంది. తిన్న రాగి నీళ్ళలో కరుగుతుంది. ఆవిడ పోసింది మంచినీళ్ళు కాదు.

"ఇవి మీరు తాగి ఉంటే తెలిసొచ్చేది," అంది, కుర్చీలో కూలబడుతూ. అని, ఉన్నదంతా చెప్పేసింది.

శేషయ్య మొహం వెలిగిపోయింది. "అంటే ఆ డెబ్భై ఒకటి నా చెంబు వల్లే!"

"నెమ్మదండీ! నా ఉద్యోగం పోతుంది."

శేషయ్యకి తెలిసిన డ్రిల్లులో నెమ్మది అన్న మాట లేదు. పొద్దుటికల్లా సంగతి జనార్దన్ చెవిన పడింది. జనార్దన్ బోటనీ డౌన్స్‌లో ఉంటాడు. ఐటీలో పని, తెలుగు సంఘంలో ప్రాణం. పదిన్నరకి ఫోన్ చేశాడు.

"ఆంటీ, నమస్కారమండీ! అంకుల్ అంతా చెప్పారు. నాకు ఒళ్ళు గగుర్పొడిచిందండీ. రాగి చెంబులోంచి బయోఫ్యూయల్! మన ఋషులకి తెలియంది లేదండీ ఆంటీ."

"ఋషులు కాదు బాబూ, మీ అంకుల్. పొట్ట తగ్గడానికి పెట్టుకున్నారు."

"దీపావళి ఫంక్షన్లో మీకు శాలువా. 'రాగి చెంబు రహస్యం' అని ఫ్లయర్ చేయించేస్తున్నాను. సోమవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తా."

"బాబూ, వద్దు..."

"మొహమాటపడకండి ఆంటీ. పర్పుల్ శాలువా."

ఆ గ్రూపులో మనస్విని ఉంది. సోమవారం సాయంత్రం ఫ్లయర్ చూస్తుంది. శుక్రవారం పెట్టుబడివాళ్ళ ముందు నిలబడి, ఎందుకొచ్చిందో తనకే తెలియని డెబ్భై ఒకటి చూపిస్తుంది. మళ్ళీ చేసి చూపించమంటారు. చేస్తే ముప్ఫై వస్తుంది. సీతారత్నం ఆదివారమంతా కార్డు మెళ్ళో వేసుకునే గడిపింది. తాలింపు వేసేటప్పుడు కూడా వెనక్కి తిప్పుకోలేదు. రేపటి తర్వాత అది ఉండదుగా, నూనె పడితేనేం అనుకుంది.

సోమవారం పొద్దున్నే చెంబు బుట్టలో పెట్టుకుని వెళ్ళి, మనస్విని బల్ల మీద పెట్టింది.

"ఏంది ఆంటీ ఇది? నాకా?"

"నీకు కాదమ్మాయ్. గంగాళానికి. నవమి నాడు ఇందులో నీళ్ళు గంగాళంలో పోశాను. పుస్తకంలో రాయలేదు. మంచినీళ్ళనుకున్నాను, కాదు. ఒకటింపావు లీటరు, రెండు నిమ్మకాయలు, రాత్రంతా. కళాయి లేని రాగి."

మనస్విని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత పని చేసినారు ఆంటీ! నేను అందరికీ మెయిల్ పెట్టేసినా. మా అమ్మకి కూడా చెప్పుకున్నా. ఎందుకు పోసినారు అసలు?"

"చెట్టు మొదట్లో పోద్దామని చూశాను. చెట్టు కనపడలేదు. అది చెట్టే కదా అని..."

"అది పొట్టు ఆంటీ!"

"చెట్టు పొట్టే కదే!"

మనస్విని తల పట్టుకుంది. కాసేపటికి పట్టుకున్న తలని మెల్లగా పైకెత్తింది. "ఏమన్నారు? రాగా?"

"రాగే."

"ఆంటీ, ఆ సాయం ఎంజైము ఉంది చూడండి, దాని గుప్పిట్లో ఒక రాగి పరమాణువు ఉంటుంది. అది లేకుంటే చెయ్యి ఉంటుంది గానీ గిల్లలేదు. కంపెనీవాళ్ళు రాగితోనే పంపిస్తారు. ఫ్లాస్కులో పని చేసింది కదా మరి. గంగాళంలో ఎవరు లాక్కుంటున్నారు దాని చేతిలోనిది?" అని లేచి అటూ ఇటూ తిరిగింది. ఆగింది. "ఆంటీ. గంగాళం ఎన్నిసార్లు కడుగుతారు?"

సీతారత్నానికి నిజం చెప్పే రోజే అది. "మూడుసార్లు."

"కాగితంలో ఒకసారి అని కదా ఉంది!"

"ఒకసారి కడిగితే కడిగినట్టా?"

"పొడితోనా, మూడుసార్లూ?"

"పొడితోనే. ఆఖర్న ఒక చెంచాడు వేసి వదిలేస్తాను. శుభ్రంగా ఉంటుందని."

మనస్విని నేల మీదే కూచుండిపోయింది. ఆ తెల్లపొడి పనే లోహాల్ని పట్టి లాగెయ్యడం. అడుగున వదిలిన ఆ చెంచాడు పొడి, ఎంజైము చేతుల్లోని రాగినంతా అయిదుసార్లూ గుంజుకుని కూచుంది. ఆరోసారి చెంబులోంచి దాని ఆకలికి మించిన రాగి వచ్చి పడింది. పొడి కడుపు నిండగా మిగిలింది ఎంజైముకి దక్కింది.

"అంటే," అంది సీతారత్నం మెల్లగా, "అయిదుసార్లు చెడగొట్టింది నేనే."

"ఆరోసారి బాగు చేసింది కూడా మీరే. నాకు ఇప్పుడు కోపం రావాల్నో నవ్వు రావాల్నో తెలీడంలేదు."

"ముందు పద, క్రెయిగ్ దగ్గరికి పోదాం. సాయంత్రం వరకూ ఆగితే జనార్దన్ శాలువా కప్పేస్తాడు."

క్రెయిగ్ అంతా విన్నాడు. చెంబు అటూ ఇటూ తిప్పి చూశాడు. సొరుగులోంచి సంతకం పెట్టిన కాగితం తీశాడు. చాలాసేపు చదివాడు. అది అరపేజీయే.

"యే..." అన్నాడు.

సీతారత్నం 'నా' కోసం ఎదురు చూసింది. రాలేదు. ఆ ఖాళీలో ఆవిడ నోరు విప్పింది. వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. "నన్ను తీసెయ్యండి. తప్పే. కానీ తీసేసేముందు ఇది తేల్చాలి. శుక్రవారానికి నాలుగు రోజుల టైముంది. చిన్న స్టీలు గిన్నెలు నాలుగు కావాలి. మొదటిది నా పద్ధతిలో మూడుసార్లు కడిగి, చెంచాడు పొడి వదిలినది. రెండోది కాగితంలో ఉన్నట్టు ఒక్కసారే. మూడోది నా పద్ధతిలో కడిగి, లెక్క ప్రకారం రాగి వేసినది. చెంబు వద్దు, తూకం వేసి వెయ్యాలి. నాలుగోదాంట్లో సాయం ఎంజైము వెయ్యకూడదు."

"నాలుగోది ఎందుకు?" అన్నాడు క్రెయిగ్.

సీతారత్నం ఆయన్ని జాలిగా చూసింది. "పోల్చుకోడానికి బ్లాంక్ లేకుండా ఎక్స్‌పెరిమెంటు ఎలా చేస్తారండీ?"

క్రెయిగ్ కాగితం సొరుగులో పడేశాడు. "శుక్రవారం మాట్లాడదాం," అన్నాడు.

ఆ మూడు రోజులు సీతారత్నం నాలుగు గిన్నెల చుట్టూ బాలింత చుట్టూ తిరిగినట్టు తిరిగింది. రెండో గిన్నె ఒక్కసారే కడగడం ఆవిడకి ప్రాణాంతకమైంది. కడిగేసి, చేతులు వెనక్కి కట్టుకుని, దూరంగా వెళ్ళి నిలబడింది. మంగళవారం ఇంకో పని కూడా చేసింది. పుస్తకంలో నవమి నాటి పేజీ తీసి, పక్కన ఎర్ర ఇంకుతో, ఆ రోజు తారీఖు వేసి, 'రాగి చెంబులోని నిమ్మకాయ నీళ్ళు, సుమారు ఒకటింపావు లీటరు, నేను పోశాను' అని ఇంగ్లీషులో రాసి, పూర్తి పేరు సంతకం చేసింది.

గురువారం సాయంత్రానికి నంబర్లు తేలాయి. మొదటి గిన్నె ముప్ఫై ఒకటి. ఒక్కసారి కడిగింది డెబ్భై రెండు. రాగి వేసింది అరవై తొమ్మిది. బ్లాంకు ముప్ఫై.

శుక్రవారం మనస్విని వచ్చినవాళ్ళకి ఏదీ దాచలేదు. చెంబు బల్ల మీద పెట్టి మరీ చెప్పింది. వాళ్ళలో ఒక పెద్దావిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "మా ఆయన్ని కూడా ఇలాంటివి తాగొద్దని చెప్పాలి," అని చెంబుకి ఫోటో తీసుకుంది. పని ఇంకో రెండేళ్ళు నడుస్తుందన్నారు.

జనార్దన్‌కి ఈ సంగతి సీతారత్నమే ఫోన్ చేసి చెప్పింది. మనస్విని బతిమాలితే అతను ఫ్లయర్ అప్పటిదాకా ఆపాడు.

"అంటే ఆంటీ, చెంబు అక్కర్లేదా?"

"అక్కర్లేదు బాబూ. ఎక్కువ తోమకపోతే చాలు."

"మన ఋషులు గిన్నెలు తక్కువ తోమేవారని స్టేజీ మీద ఎలా చెప్పమంటారండీ?"

శుక్రవారం సాయంత్రం వెళ్ళేముందు క్రెయిగ్ ఆవిడ చేతికి అంటించిన కవరు ఒకటి ఇచ్చాడు. సీతారత్నం దాన్ని అక్కడ విప్పలేకపోయింది. తీసుకెళ్ళడానికి శేషయ్య కారు తెచ్చాడు. కార్లో కూచున్నాక చింపింది. ఆయన ఇంజను ఆపేశాడు.

చదివింది. మళ్ళీ చదివింది.

"ఏమిటే? తీసేశారా?"

"ఫలానా తారీఖున అనుమతి లేని ద్రవం పోసినందుకు హెచ్చరిక. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం నుంచి తొలగించబడును."

"తిట్టారన్నమాట."

"ఇంకోసారి అన్నారండీ," అంది సీతారత్నం. కాగితం ఆయన ముందు పెట్టింది. "ఇంకోసారి జరగాలంటే నేను అక్కడ ఉండాలిగా. చూడండి, పేరు పూర్తిగా వేశారు. స్పెల్లింగు కూడా తప్పు లేదు."

శేషయ్య జేబులోంచి ఈల తీసి, రైలు పట్టాలు అదిరేలా ఒక్కటి ఊదాడు. అడితిలో కలప లారీ డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

ఆ ఉత్తరం ఇప్పుడు బీఎస్సీ పట్టాతో కలిపి ఒకే ఫైల్లో ఉంది. చెంబు మాత్రం ఇంటికి రాలేదు. షెడ్డులో అద్దాల బీరువాలో, నంబరు వేసి, 'కదిలించరాదు' అన్న చీటీతో ఉంది. శేషయ్య వారానికొకసారి అడుగుతాడు. "అది సాక్ష్యం అండీ," అంటుంది ఆవిడ. ఆయన గాజు గ్లాసులోనే తాగుతున్నాడు. పొట్ట ఎలా ఉన్నది అలాగే ఉంది.

తెల్లపొడి డబ్బాకి తాళం పడింది. తాళంచెవి మనస్విని మెళ్ళో ఉంటుంది. గంగాళం కడిగే రోజున ఆ పిల్ల స్టూలు వేసుకుని ఎదురుగా కూచుంటుంది, టిఫిను డబ్బా మూత తీసుకుని తింటూ.

"అయింది ఆంటీ. ఒకసారి అయింది."

"ఆ మూల చూడవే, మసగ్గా లేదూ?"

"లేదు."

"ఉత్త నీళ్ళతో ఒక్కసారి తిప్పనీ."

"తిప్పండి. చెంచా ఇటివ్వండి ముందు."

సీతారత్నం కొంగు చాటున పట్టుకున్న చెంచా తీసి ఇచ్చేసింది.

"ఇంకోటి," అంది మనస్విని, చెయ్యి చాపే ఉంచి.